దువాకు లేవని చేతులు

పియాలా దొర్లి, భోజనానికి నేల మీద పరిచిన దస్తర్ఖాన్ మీద చాయ్ పారింది. ఎవరూ దాన్ని తుడవలేదు.

"తుడవకండి అత్తయ్యా," అంది అంజిరత్. "అలాగే ఉండనివ్వండి. ఆయన చూడాలి."

ముసలి మోమోగుల్ చేతిలోకి తీసుకున్న గుడ్డను ఒళ్ళో పెట్టుకుంది. ఎదురుగా ఆమె కొడుకు బోరితాష్ పహిల్వాన్ తడుస్తున్న రొట్టె వంక చూస్తున్నాడు. బాయ్‌సున్ కొండల కింద ఏ ఊళ్ళో పెళ్ళి జరిగినా కుస్తీ గోదాలో మొదట పిలిచే పేరు అతనిదే. పియాలా జారిపోయిన కుడిచెయ్యి ఇంకా గాలిలోనే, దేన్నో పట్టుకున్నట్టే ఉంది.

"వేడిగా ఉంది," అన్నాడు.

"వేడా? సగం పియాలా కూడా లేదు. అందులో వేడెక్కడిది?"

"మర్యాదకి తక్కువే పోస్తారు కదే," అంది మోమోగుల్ మెల్లగా. "గౌరవం పెరిగిన కొద్దీ పియాలాలో చాయ్ తగ్గుతుంది. మా అమ్మ కాలం నుంచీ ఉన్నదే."

"ఇది మర్యాద కాదత్తయ్యా. చలికాలం నుంచి చూస్తున్నాను. మొదట సగం పోసేవారు. తర్వాత పావు. ఇప్పుడు అడుగు తడిస్తే చాలు. కొడుకంటే గౌరవం పెరిగిపోతోంది కాబోలనుకున్నాను. చెయ్యి వణుకుతోందని నాకెందుకు చెప్పలేదు?"

మోమోగుల్ ఒళ్ళో గుడ్డను మడిచింది. విప్పి మళ్ళీ మడిచింది.

నిన్న సాయంత్రం తెర్మెజ్‌లో నర్సు చదువు చదువుతున్న కూతురు మెహ్రి ఫోన్ చేసి ఏడ్చేదాకా అంజిరత్‌కి ఏమీ తెలియదు. నవ్రోజ్ పండగ ముందు పొట్టేలు కొనడానికని వెళ్ళిన మొగుడు ఆసుపత్రికి వెళ్ళాడు. మెడ ఎముకల మధ్య వెన్నుపాము నలుగుతోందని డాక్టరు చెప్పాడు. వేళ్ళు మొద్దుబారడం, కాలు ఈడ్చడం అందువల్లేనన్నాడు. ఆపరేషన్ చేస్తే ఉన్నదైనా నిలుస్తుంది. ఇంకొక్కసారి తలకిందులుగా పడ్డావంటే మెడ కింద ఉన్నదేదీ నీది కాదు అన్నాడు. తల్లికి చెప్పనని కూతురి చేత ఒట్టు వేయించుకుని బోరితాష్ ఇంటికొచ్చాడు. పొట్టేలు ధర కుదరలేదన్నాడు.

"కండరం పట్టేసిందన్నారు," అంది అంజిరత్. "నాతో ఒంటె కొవ్వు రాయించుకున్నారు. రోజూ రాత్రి నేను రాస్తుంటే, పాపం, హాయిగా ఉందన్నారు."

"హాయిగానే ఉండేది."

"ఇటు తిరగండి."

అతను తిరిగాడు. పక్కకి చూడాలంటే ఈ మధ్య భుజాలూ నడుమూ కూడా తిప్పేవాడు. పహిల్వాన్ల ఠీవి అని ఊళ్ళో కుర్రాళ్ళు దాన్ని అనుకరించేవాళ్ళు. అంజిరత్ అతని చొక్కా అంచు పట్టి లాగింది. టప టపమని చొక్కా అంతా తెరుచుకుంది.

"ఈ టిచ్ బటన్లు ఎవరు కుట్టారు?"

"పాత గుండీలు ఊడిపోతుంటేనూ," అంది మోమోగుల్.

"అన్ని చొక్కాలకీ ఒక్కసారే ఊడిపోయాయా?"

ముసలామె కళ్ళజోడు సర్దుకుంది. గుండీ పెట్టుకోలేక కొడుకు తన భార్యని పిలవాల్సి వస్తుందని, ఆ పిలిచే అవసరం రాకుండా, మధ్యాహ్నాలు అందరూ కునుకు తీసే వేళ కిటికీ దగ్గర కూర్చుని కుట్టింది. అది ప్రేమేనని అంజిరత్‌కి తెలుసు. తెలిసినందుకే ఒళ్ళు మండింది.

"మీరిద్దరూ కలిసి నన్ను ఈ ఇంట్లో చుట్టాన్ని చేశారు," అంది.

బోరితాష్ ఎడమచేత్తో చొక్కా మూసుకున్నాడు. "మాటిచ్చాను. నిన్న బకావుల్ ఇంటికొచ్చి అడిగితే సరేనన్నాను. ఊళ్ళో పెళ్ళి కదా, ఇవాళ జుమ్మా నమాజు అయ్యాక గోదా." బకావుల్ అంటే గోదాలో పేర్లు పిలిచే పెద్ద. ఆయన గడప తొక్కి అడిగాక కాదన్న పహిల్వాన్ ఆ చుట్టుపక్కల లేడు.

"మీరు మాటిచ్చారు. మీ మెడ ఇచ్చిందా?"

"దెనావ్ నుంచి ఆ కుర్రాడు వస్తున్నాడు."

"రానివ్వండి. పలావు తిని పోతాడు."

"పోయిన శరత్తులో వాడు నన్ను వీపు మీద పడేశాడు. వాడి గెలుపు ఖాయమని, హలాల్ అంటూ బకావుల్ కేక వేశాడు. అందరూ చూశారు. వీపు దులుపుకుంటూ గోదాలోంచి వెళ్ళి మళ్ళీ రానివాణ్ణి ఊళ్ళో ఏమంటారో తెలుసా నీకు?"

"ఏమంటారు?"

"ఏమీ అనరు. అదే."

"వీపు దులుపుకున్నవాడు ఇంటికి నడిచొచ్చాడు. నాకది చాలు. మీ జతగాడు ఎసాన్‌ని చూడండి. మోకాళ్ళు వంగవు. మసీదులో కుర్చీ వేసుకుని నమాజు చేస్తున్నాడు. ఎన్ని తివాచీలు గెలిచాడాయన? వాటి మీద ఒక్కసారి నుదురు ఆన్చి సజ్దా చేయమనండి. మనింట్లో తివాచీలు గోడల మీద చోటు లేక చుట్టి పెట్టాం. ఇంకొకటి తెచ్చి, మిమ్మల్ని అందులో చుట్టమంటారా?"

"నోట్లో మాట నోట్లో ఉంచుకో కోడలా," అంది మోమోగుల్.

"గోదాల్లో నలిగిన ఆ సమోసా చెవులకి ఎలాగూ వినిపించదులెండి."

బోరితాష్ లేచాడు. ముందు ఎడమ మోకాలు, తర్వాత అరచెయ్యి నేలకి ఆన్చి కుడి మోకాలు. ఎండు పుల్లలు విరిచినట్టు శబ్దం. నిలబడ్డాక మాత్రం గుమ్మం నిండిపోయింది.

"గడ్డం గీసుకుని ఉస్తాద్ దగ్గరికి పోతున్నాను. ఆయన చేతులెత్తి దువా చేస్తే దిగుతాను. చేయకపోతే దిగను. ఆయన దువా లేకుండా నేనెప్పుడూ నడికట్టు కట్టలేదు. దీని మీద ఇంక ఇంట్లో మాట అక్కర్లేదు."

బయట నీళ్ళ చప్పుడు మొదలయ్యింది. అత్తాకోడళ్ళు తడి దస్తర్ఖాన్‌కి అటూ ఇటూ కూర్చున్నారు.

"ఉస్తాద్ ఇచ్చే దువాలు రెండు," అంది మోమోగుల్ హఠాత్తుగా, గోడతో మాట్లాడుతున్నట్టు. "ఒకటి గోదాలోకి పంపేది. ఇంకోటి విడిపించేది. విడిపిస్తే నడికట్టు ఉస్తాద్ ఇంట్లోనే ఉండిపోతుంది. ఆ తర్వాత ఏ పెళ్ళివాళ్ళూ ఆ మనిషిని పేరు పెట్టి పిలవకూడదు. వీపు మీద పడ్డవాడని కూడా అనకూడదు. మీ మామగారి కోసం ఆ రెండోది ఎవరూ అడగలేదు."

అంజిరత్ ఆమె వంక చూసింది. ముసలామె లేచి గడప దగ్గర తన రబ్బరు గలోషులు రెండూ కోడలికి కాలు పెట్టుకోవడానికి వీలుగా బయటికి తిప్పి పెట్టింది.

"వాడు గడ్డం గీసుకోవడానికి ఈమధ్య చాలాసేపు పడుతోంది," అంది. "వెళ్ళు."

*

అల్లమురాద్ ఉస్తాద్ ఇల్లు కాల్వకి అవతల. వాకిట్లో మల్బరీ చెట్టు కింద చెక్క మంచె మీద, దిండ్ల మధ్య కూర్చుని ఉన్నాడు. ఏళ్ళ తరబడి ఆయన గడ్డం రొమ్ముకి అతుక్కునే ఉంటుంది. మెడ పైకి లేవదు. వచ్చినవాళ్ళని కాళ్ళని బట్టి గుర్తుపడతాడు.

"మోమోగుల్ గలోషులు," అన్నాడు. "నడక ఆవిడది కాదు. అంజిరతా? ఆ గలోషులు ఏం పాపం చేశాయమ్మా, అంత గట్టిగా తొక్కుతున్నావు."

"షరాఫత్ లేదా?"

"కోడలు పెళ్ళివారింటికి క్యారెట్లు తరగడానికి పోయింది. మనవలు కూడా అక్కడే. ఒక్కణ్ణే ఉన్నాను. ఈగలు తోడున్నాయి. ముఖం మీద వాలితే నేను తోలలేనని వాటికి తెలుసు. అయినా మర్యాదగానే ఉంటాయి."

అంజిరత్ నవ్వలేదు. ఆయన ముఖం చూసి మాట్లాడాలంటే నేల మీద కూర్చోవాలి. కూర్చుంది.

"మా ఆయన దువా కోసం వస్తున్నాడు తాతయ్యా."

"తెలుసు."

"ఇవ్వకండి." తెర్మెజ్ డాక్టరు మాటలు చెప్పింది. మెహ్రి ఏడుపు చెప్పింది. టిచ్ బటన్ల సంగతి మాత్రం చెప్పలేకపోయింది.

ఉస్తాద్ ఒళ్ళో ఉన్న తన చేతుల్ని చూసుకున్నాడు. "మోకాళ్ళ మీద కూర్చుని అడిగినవాడికి లేదనడం నాకు నేర్పలేదమ్మా."

"మీకేం నేర్పారు? గడ్డం కింద తువ్వాలు వేసి మెడ లాగడం నేర్పారా?"

ఆయన కనురెప్పలు ఒకసారి మూసుకుని తెరుచుకున్నాయి.

"ప్రతి వసంతంలో, గోదాలు మొదలయ్యే ముందు," అంది అంజిరత్. "తువ్వాలు వేసి, మీ వీపు మీదికి ఎత్తుకుని, కాళ్ళు నేల వదిలేదాకా లాగేవారు. మెడ టపటపమనేది. విప్పుకుంది, విప్పుకుంది అని అందరూ నవ్వేవాళ్ళు. నేను చాయ్ పోస్తూ నవ్వాను. దిష్టి తగలకుండా మిరియాలు కూడా పొయ్యిలో వేశాను. మీ చేతులు మొరాయించాక ఎసాన్ లాగాడు. డాక్టరు ఎక్స్‌రే బొమ్మ తీసి, ఈ మెడని ఎవరు లాగారని అడిగాడట. మీ బోరి ఏం చెప్పాడో తెలుసా? ఎవరూ లాగలేదన్నాడు."

మల్బరీ పండొకటి రాలి ఉస్తాద్ చేతి మీద పడింది. నల్లటి రసం మణికట్టు మీదికి కారింది. ఆయన దాన్నే చూస్తూ కూర్చున్నాడు. భుజాలు రెండూ ఎప్పుడో అరిగిపోయాయి. ఒళ్ళో పెట్టిన చెయ్యి ఒళ్ళోనే ఉంటుంది. అంజిరత్ ముందుకి వంగి కొంగుతో ఆ రసం తుడిచింది. కోపంలో చేసినా చెయ్యి మెత్తగానే తగిలింది.

"నా మెడ కూడా మా ఉస్తాద్ అలాగే లాగాడు," అన్నాడాయన.

"అందుకే మీ ముఖం చూడాలంటే నేల మీద కూర్చోవాల్సి వస్తోంది."

"మా ఆవిడ కూడా అక్కడే కూర్చునేది."

"ఏమనేది?"

"ఏమీ అనేది కాదు. ముద్ద కలిపి పెట్టేది. నీళ్ళు తాగించేది. పోయేదాకా ఒక్క మాట అనలేదు." మణికట్టు మీద మిగిలిన మరక చూస్తూ, "అంటే బాగుండేది," అన్నాడు.

"అయితే నేను అంటున్నాను. వినండి. విడిపించే దువా ఇవ్వండి."

"అది నేనివ్వాలంటే వాడు అడగాలి. అడగకుండా ఇస్తే వెళ్ళగొట్టినట్టు. రేపు ఊళ్ళో వాడు తల..." ఆగిపోయాడు.

"తల ఎత్తుకోలేడు అనబోయారు," అంది అంజిరత్.

కాల్వ గట్టు మీద అడుగుల చప్పుడయ్యింది. ఒక కాలు సరిగ్గా పడుతోంది, రెండో కాలు నేలని రాసుకుంటూ వస్తోంది. ఉస్తాద్ కళ్ళు వాకిలి దాకా పాకి అక్కడ ఆగాయి. పెళ్ళిళ్ళకి మాత్రమే తొడిగే మెత్తటి తోలు బూట్లు. కుడి బూటు బొటనవేలి దగ్గర తెల్లగా అరిగిపోయి ఉంది.

బోరితాష్ భార్యని చూసి గేటు దగ్గరే నిలబడిపోయాడు. చెంప మీద రెండు చోట్ల కత్తి గాటు. చంకలో మడిచిన నడికట్టు.

"నాకంటే ముందొచ్చేశావా," అన్నాడు. "మంచిది. ఇంక ఊరంతా దండోరా వేయించు."

"వేయిస్తాను. కర్నాయ్ ఊదేవాళ్ళు ఎలాగూ పెళ్ళింట్లోనే ఉన్నారు."

"పెళ్ళాం కొంగు చాటున దాక్కున్నాడని దెనావ్ దాకా చెప్పుకుంటారు."

"నా చాటున ఉంటే కనీసం నాకు కనిపిస్తారు. మంచాన పడితే ఎవరొచ్చి చూస్తారు? బకావుల్ వస్తాడా మిమ్మల్ని పక్కకి తిప్పడానికి? దెనావ్ కుర్రాడొస్తాడా మూతి తుడవడానికి? అత్తయ్య ఉన్నంతకాలం ఇద్దరం తిప్పుతాం. ఆ తర్వాత నేనొక్కదాన్నీ మీ అంత మనిషిని ఎలా తిప్పను? చెప్పండి. మీకు అన్ని పట్లూ తెలుసు కదా. అదెలాంటి పట్టో చెప్పండి."

బోరితాష్ నడికట్టుని చంకలో ఇంకా గట్టిగా అదుముకున్నాడు.

"చాలు," అన్నాడు ఉస్తాద్. "వాడు అడగడానికి వచ్చాడు. అడగనీ."

బోరితాష్ మంచె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. నడికట్టు ఉస్తాద్ ఒళ్ళో పెట్టాడు. ఆయన భుజాలు పోయిన దగ్గర్నుంచి ఆ ఇంట్లో ఒక పద్ధతి ఏర్పడింది. దువాకి ఆయన చేతులు లేవవు కాబట్టి, వచ్చిన శిష్యుడే ఉస్తాద్ మణికట్లు రెండూ పట్టుకుని ముఖం దాకా ఎత్తుతాడు. దువా పూర్తయ్యేదాకా పట్టుకునే ఉంటాడు. కొత్త శిష్యులకి అదొక గొప్ప. ఉస్తాద్ చేతులు మోశాను అని చెప్పుకుంటారు.

బోరితాష్ రెండు మణికట్లూ పట్టుకుని ఎత్తాడు. ఎడమచేతిలోది లేచింది. కుడిచేతిలోది రొమ్ము దాకా వచ్చి జారి, ముద్దచేసిన పిండి పడ్డట్టు ముసలాయన తొడ మీద పడింది.

"చెమట," అన్నాడు బోరితాష్.

చొక్కాకి చెయ్యి తుడుచుకుని మళ్ళీ పట్టుకున్నాడు. ఈసారి రొమ్ము దాకా కూడా రాలేదు.

ఉస్తాద్‌కి ఈ లోకంలో తల తిప్పకుండా కనిపించేవి కొన్నే. ఒళ్ళో జరిగేది వాటిలో ఒకటి. తన చేతి మీద వాలిన శిష్యుడి వేళ్ళని చూశాడు. చిటికెన వేలూ దాని పక్కదీ మిగతావాటితో కలవడం లేదు.

"ఎప్పట్నుంచి?"

"చలికాలం నుంచి."

"నా దగ్గర దాచావు."

"నొప్పి చెప్పుకున్నవాడి పట్టు అప్పుడే సగం పోయిందని మీరే అనేవారు."

ముసలాయన ముఖం ఎర్రబడింది. కోపమో ఇంకేమిటో, కిందికి వంగిన ఆ ముఖంలో అంజిరత్‌కి అర్థం కాలేదు.

"అన్నాను," అన్నాడు. "ఇంకా చాలా అన్నాను. దెనావ్ వాడు వెనకనుంచి నీ నడికట్టు పట్టుకుంటే, వాడి చెయ్యి ఎక్కడుందో తెలుస్తుందా నీకు?"

బోరితాష్ కుడిచేతి వేళ్ళని ఎడమచేత్తో ముడిచాడు.

"తెలుస్తుందా?"

"ఎడమవైపు తెలుస్తుంది."

"కుడివైపు?"

"కుడివైపు వాడు రాకుండా చూసుకుంటాను." గొంతు హఠాత్తుగా పెరిగింది. "ఒక్క పట్టు ఉస్తాద్. గెలవక్కర్లేదు. నిలబడి బయటికొస్తే చాలు. వీపు మీద పడి వెళ్ళిపోయినవాణ్ణని మిగిలిన బతుకంతా... అది మీకు తెలియదా? మీకూ తెలియకపోతే ఇంకెవరికి చెప్పను?"

కాల్వ అవతల కర్నాయ్ మోగింది. ఆ పొడుగాటి ఇత్తడి గొట్టాల కూత వింటే ఊళ్ళో కుక్కలు కూడా పెళ్ళివైపు తిరుగుతాయి. నమాజు అయిపోయింది. జనం గోదా చుట్టూ చేరుతున్నారు.

"అంజిరత్," అన్నాడు ఉస్తాద్. "వీడి చేతులు నా చేతుల్ని ఎత్తలేవు. నావి వాటంతట అవి లేవవు. ఇంట్లో ఇంకెవరూ లేరు. లేచి రా. నువ్వెత్తు."

"ఏ దువా కోసం?"

"వాడు అడిగిన దువా కోసం."

"ఆయన పంపమని అడిగితే? నా చేతుల్తో నేనే ఎత్తాలా?"

"ఎత్తకపోతే ఏ దువా లేదు. దువా లేకపోయినా ఆ కూత విని వీడు వెళ్ళిపోతాడు. ముఖం చూడు. నాకు కనిపించదు, నువ్వు చూసి చెప్పు. వెళ్ళడా?"

ఆమె మొగుడి ముఖం చూసింది.

లేచి మంచె ఎక్కి ఉస్తాద్ పక్కన కూర్చుంది. మణికట్ల కింద అరచేతులు పెట్టింది. ముసలి చేతులు తేలిగ్గా ఉంటాయనుకుంది. తడిసిన దుప్పటిలా ఉన్నాయి. రొమ్ము దాకా ఎత్తి అక్కడ ఆపింది.

"ఇంక ఎత్తను," అంది. "అడిగేదాకా ఎత్తను."

పెళ్ళయి ఇన్నేళ్ళలో ఆమె అతన్ని పేరు పెట్టి పిలవలేదు. మెహ్రి నాన్నా అనేది, లేదంటే ఏమండీ అనేది. ఆ ఊళ్ళో ఏ ఆడదీ పిలవదు.

"బోరితాష్," అంది. "అడుగు. నీకేం కావాలో నీ నోటితో అడుగు. నేను విని, అప్పుడు ఎత్తుతాను. ఏది అడిగినా ఎత్తుతాను. కానీ నా ముందు అడుగు."

అతను ఆమె నోటి వంక చూస్తుండిపోయాడు, తన పేరు అక్కడికెలా వచ్చిందో అన్నట్టు.

ఉస్తాద్ చేతులు కాస్త దిగాయి. ఆమె పళ్ళు బిగించి మళ్ళీ రొమ్ము దాకా తెచ్చింది. మళ్ళీ దిగాయి.

అప్పుడు బోరితాష్ ముందుకి జరిగాడు. వేళ్ళని కాదు, స్పర్శ ఇంకా మిగిలిన ముంజేతిని ఆమె మోచేతి కింద ఆనించాడు. బరువు తగ్గింది. మూడు చేతుల మీద ఆ రెండు చేతులు మెల్లగా లేచి ముసలాయన ముఖం ముందుకి వచ్చాయి. ఆయన తన అరచేతులని దగ్గరగా చూసుకున్నాడు.

"ఇప్పుడు చెప్పు బోరీ," అన్నాడు. "పంపనా, విడిపించనా?"

గేటు అవతల ఎవరో గట్టిగా తట్టారు.

"పహిల్వాన్," బకావుల్ గొంతు. "గోదా తడిపి సిద్ధం చేశాం. దెనావ్ కుర్రాడు చొక్కా విప్పాడు. నీ పేరు పిలవమంటావా?"

బోరితాష్ అటు చూడబోయాడు. మెడ తిరగలేదు. గేటు వైపు చూడాలంటే భుజాలతో సహా మొత్తం మనిషి తిరగాలి. అలా తిరగాలంటే అంజిరత్ మోచేతి కిందనుంచి చెయ్యి తీయాలి.